అయిదో మెట్టు

పోయిన వారం కథని గుమ్మంలోనే ఆపేశాను. బాగుచేయడానికి ఇచ్చిన హార్మోనియం పెట్టెని మేస్త్రి భుజాన మోసుకొచ్చి, ముందుగదిలో బల్ల మీద దించి, "అమ్మగారు ఉండగా దీన్ని ఇంత బాగా చేసి ఇవ్వలేకపోయాను" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అమ్మ పోయి మూడు వారాలు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. అందులో యాభై ఏళ్ళకు పైగా వీధి చివరి సంఘం హాల్లో వారం వారం ఆడవాళ్ళ చేత పాట పాడించింది. ఆదివారం అదే హాల్లో సంస్మరణ సభ. అమ్మ పోయినప్పటి నుంచి నాన్న నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనేం చెప్పినా తల ఊపి "సరేలే" అంటాడు. అన్నం తిన్నావా అన్నా సరేలే, కిటికీ మూయనా అన్నా సరేలే. అమ్మ పాట చెవిన పడితే మీ నాన్న మళ్ళీ మనిషవుతాడని మా పిన్ని గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదే అమ్మ చోట కూర్చుని పెట్టె వాయిస్తానని ఒప్పుకున్నాను. వాయిస్తాను, పాడను అని షరతు పెట్టాను. ఎందుకంటే నాకు గొంతు లేదు. ఆ మాట నాకు పదహారో ఏట చెప్పింది అమ్మే.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బృందం మా ఇంట్లో కూడింది. పదకొండు మంది. రిటైరైన నర్సు, దర్జీ పని చేసే ఆవిడ, తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్ళు ముద్రలు కొట్టినావిడ, అందరికంటే ముందు నోరు విప్పే మా పిన్ని. అందరివీ మందంగా, బరువుగా ఉండే గొంతులు. అమ్మ ఏరి ఏరి అలాంటి వాళ్ళనే చేర్చుకునేది. పక్క వీధుల బృందాలవాళ్ళు మావాళ్ళకి 'బావిలో బృందం' అని పేరు పెట్టారు. అమ్మ ఆ పేరు విని నవ్వేది తప్ప కోపం తెచ్చుకునేది కాదు. బృందంలో ఇంకో వాద్యం కూడా రానిచ్చేది కాదు. వయొలిన్ నేర్పే ఆయన మూడుసార్లు వచ్చి, ఉత్తినే వాయిస్తానని బతిమాలితే మూడుసార్లూ టీ ఇచ్చి పంపేసింది. ఆవిడకి పొగరని వీధంతా అనుకుంది. నేనూ అనుకున్నాను.

నాన్న గుమ్మం పక్కన తన కుర్చీలో, చేతిలో కప్పుతో కూర్చున్నాడు. ఆయన పింగాణీ కర్మాగారంలో తనిఖీ పని చేసి రిటైరయ్యాడు. వరసగా వచ్చే కప్పుల్ని ఒక్కొక్కటే గోటితో తట్టి, ఖంగుమంటే ఒక బుట్టలో, మొద్దుగా పలికితే ఇంకో బుట్టలో వేయడం ఆయన పని. ఎనభై ఆరేళ్ళొచ్చినా ఇంట్లో టీ ఇస్తే ముందు కప్పుని తట్టి, రెండు చేతులతో పట్టుకుని, ఆ తర్వాతే తాగుతాడు.

అమ్మ పెట్టిన పద్ధతి ఒకటే. ఏ పాటైనా తెల్ల మెట్లలో అయిదోదాని మీదే మొదలు. ఈ బృందాన్ని పెట్టిన మొదటి గురువుగారి నియమమట. హాలు గోడలకి ఎన్ని రంగులు మారినా ఆ మెట్టు మారలేదు. నాకు చిన్నప్పుడు అమ్మ నేర్పిన వేళ్ళ వాటం కూడా అదే. వేరే మెట్టు మీద మొదలుపెట్టమంటే నా వేళ్ళు దారి తప్పుతాయి.

అయిదో మెట్టు నొక్కి తిత్తి ఆడించాను. పాట ఎత్తుకున్నారు.

మొదటి చరణం దాటకుండానే పిన్ని గొంతు పుటుక్కున తెగింది. నర్సు దగ్గింది. దర్జీ ఆవిడ పాడటం ఆపేసి, ఏడుపు గొంతుకి అడ్డం పడుతోందే అని కొంగుతో మొహం ఒత్తుకుంది. అందరూ మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఇంకా ఘోరం. పైకి వెళ్ళాల్సిన చోట సగం మంది కీచుమన్నారు, మిగతావాళ్ళు నోరు మాత్రం ఆడించారు. యాభై ఏళ్ళుగా నిద్రలో కూడా పాడే పాట అది.

మూడోసారి మొదలుపెట్టాం. ఒక్కొక్కళ్ళే మానేస్తున్నారు. నా చూపు మెట్ల మీద ఉంది. పాట మాత్రం ఆగలేదు. ఎవరో సన్నటి గొంతుతో, ఏ కష్టమూ లేకుండా, పైస్వరానికి వెళ్ళి అక్కడే నిలబడి మళ్ళీ దిగుతున్నారు. ఎవరా అని తలెత్తి చూస్తే పదకొండు మందీ నావైపే చూస్తున్నారు. పాడుతున్నది నేనే.

ఆపలేకపోయాను. నిజం చెప్తున్నాను, ఆపాలని కూడా అనిపించలేదు. నలభై ఏళ్ళు లేదనుకున్న గొంతు ఒంట్లో ఎక్కడో దాక్కుని ఇప్పుడొచ్చింది. చరణం చివరి దాకా పాడి, మెట్టు మీద వేలు తీశాను.

అప్పుడు గుమ్మం పక్క నుంచి నాన్న, ఈ మూడు వారాల్లో మొదటిసారి, ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు.

"ఇంకా మొదలుపెట్టలేదేం?"

నర్సు గభాలున లేచి ఆయన పక్కకి వెళ్ళింది. ఏమీ లేదు, ఆయన ఒంట్లో బాగానే ఉన్నాడు. ఆత్రంగా, కాస్త విసుగ్గా, పాట కోసం ఎదురుచూస్తున్నాడు. మేం మూడుసార్లు పాడామన్న సంగతే ఆయనకి తెలియదు.

మేస్త్రిని పిలిపించాను. పెట్టెకి ఏం చేశావని నిలదీశాను. అతను బిక్కమొహం వేసుకుని, మంచే చేశానమ్మా అన్నాడు. తిత్తి మార్చాడట. ఆ తర్వాత లోపల స్వరాల్ని పలికించే రీడ్లు చూస్తే ఒక్కటీ తన చోట లేదట. తయారుచేసేటప్పుడే ప్రతి రీడు మీదా దాని స్వరం చెక్కి ఉంటుంది. ఇక్కడ ప్రతిదీ అయిదు గడులు జరిగి ఉందట. ఎవడో పని రానివాడు చెడగొట్టాడనుకున్నాడు. అమ్మగారి సభకి పెట్టె కొత్తదానిలా పలకాలని, నాలుగు రోజులు కూర్చుని, అన్నీ వాటి వాటి చోట్ల పెట్టాడు. ఇప్పుడు అయిదో మెట్టు నొక్కితే అసలు అయిదో స్వరం పలుకుతుంది. మరి ఇన్నాళ్ళూ ఏం పలికిందని అడిగాను. అయిదు మెట్లు కింద స్వరం పలికిందని చెప్పాడు.

"ఆ చెడగొట్టినవాడు ఎవడో మీ నాన్నని అడుగు" అంది పిన్ని మేస్త్రితో. "మా అక్క ఈ పెట్టె ఇంకొకళ్ళ చేతికి ఇచ్చిన పాపాన పోలేదు."

శనివారం పొద్దున్న మేస్త్రి తండ్రి, పెద్దమేస్త్రి, వచ్చాడు. నాన్నకంటే రెండేళ్ళు పెద్ద. పని కొడుక్కి అప్పగించి పదేళ్ళయింది. చూపు తగ్గింది, కర్ర పట్టుకుని నడుస్తాడు. గుమ్మం పక్కన నాన్న భుజం మీద చెయ్యి వేసి, ఆయన్ని దాటుకుని, నిన్న సాయంత్రం పెట్టె చేర్చిన లోపలి గదిలోకి వచ్చాడు. నన్ను తలుపు దగ్గరికి వేయమన్నాడు. పెట్టె మూత మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

"మావాడు తప్పు చేయలేదు పాపా" అన్నాడు. యాభై ఆరేళ్ళ మనిషిని, ఈ వీధి పెద్దలకి ఇంకా పాపనే. "వాడికి నేను చెప్పలేదు. అమ్మగారికి మాట ఇచ్చాను. ఆవిడ పోయాక కూడా ఆ మాట ఉంటుందో ఉండదో తేల్చుకోలేక చెప్పలేదు. ఆ ఆలస్యం నాది."

తర్వాత ఆయన చెప్పినదంతా నా మాటల్లోనే చెప్తాను. ఆయన చాలాసేపు చెప్పాడు, మధ్యమధ్య ఆగిపోయాడు.

నాన్నకి ముప్పై ఆరో ఏట పెద్ద జ్వరం వచ్చింది. నాకు గుర్తుంది, నాకప్పుడు ఆరేళ్ళు. జ్వరం పోతూ పోతూ ఆయన చెవుల్లోంచి పై స్వరాల్ని పట్టుకుపోయింది. మాటలు వినపడేవి, మందమైన గొంతులైతే బాగా వినపడేవి. సన్నటివి మాత్రం లేవు. అంటే మంచి కప్పు ఖంగుమనడం ఆయనకి లేదు. జ్వరం తగ్గి పనిలోకి వెళ్ళిన వారం ఒక బుట్టెడు మంచి కప్పుల్ని పగుళ్ళవని పక్కన పెట్టేశాడు. ఇంకోసారి అలా జరిగితే ఉద్యోగం లేదు. ఆ సంగతి తెలిసింది అమ్మ ఒక్కదానికే. ఆవిడ పగిలిన కప్పులూ మంచి కప్పులూ కలిపి ఇరవై ఇంటికి తెచ్చి, సాయంత్రం తలుపులు వేసి, నాన్న కళ్ళకి గుడ్డ కట్టి, గోటితో తట్టించి, వేళ్ళకి తగిలే అదురుతో పోల్చుకోమని నేర్పింది. రెండు నెలలు. ఆ తర్వాత పాతికేళ్ళు నాన్న వేళ్ళతోనే విన్నాడు. ఒక్క కప్పు తప్పలేదు.

ఆ కప్పుల ఆట నాకు గుర్తే. నాన్న కళ్ళకి గంతలు కట్టింది నేనే. ఒక్కొక్క కప్పూ ఆయన చేతికి అందించింది నేనే. ఆయన సరిగ్గా చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టాను. ఇది మన ముగ్గురి ఆట, బయట ఎవరికీ చెప్పకూడదంటే బుద్ధిగా చెప్పలేదు.

పనికి దారి దొరికింది కానీ పాటకి దొరకలేదు. హాల్లో మొదటి వరసలో నాన్న కుర్చీ ఒకటి ఎప్పుడూ ఉండేది. ఒక సాయంత్రం పాటంతా అయిపోయి ఇంటికి నడుస్తుంటే, ఇవాళ పాడలేదేం అని అమ్మని అడిగాడట. మర్నాడు పొద్దున్నే అమ్మ పెట్టె పట్టించుకుని మేస్త్రి కొట్టుకి వెళ్ళింది. రీడ్లన్నీ ఒక్క గడి జరపమంది. కింద మెట్టు మీద మొదలుపెట్టుకోవచ్చుగా అని మేస్త్రి అడిగాడు. బృందంలో సగం మంది కర్మాగారం వాళ్ళ భార్యలు, మేనేజరుగారి ఆవిడది మొదటి వరస. నియమం ఎందుకు మార్చావని ఒక్కళ్ళు అడిగినా, ఆ జవాబు సాయంత్రానికి కర్మాగారం గేటు దాకా వెళ్తుంది. మెట్టు మారకూడదు, స్వరం దిగాలి. ఆవిడ అడిగింది అదీ.

నాన్న వినికిడి ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది. అమ్మ ఏడాదికోసారి, రెండేళ్ళకోసారి పెట్టె పట్టుకెళ్తూ వచ్చింది. మొత్తం అయిదు మెట్లు. ఒకేసారి దించలేదు కాబట్టి ఎవరూ పసిగట్టలేదు, గొంతులు వాటంతటవే సర్దుకున్నాయి. సర్దుకోలేనివాళ్ళని అమ్మ మెల్లగా మాన్పించి, మందపు గొంతుల్ని చేర్చుకుంది. వయొలిన్ ఆయన వచ్చి పెట్టెతో శ్రుతి కలపబోతే ఒక్క నిమిషంలో గుట్టు బయటపడుతుంది. అందుకే ఆయనకి మూడుసార్లూ టీ ఒక్కటే దక్కింది.

సర్దుకోలేనివాళ్ళు అన్నప్పుడు పెద్దమేస్త్రి నా మొహం వైపు చూడలేదు. నాకు లెక్క అందడానికి ఎంతోసేపు పట్టలేదు. తొమ్మిదేళ్ళప్పుడు నాది ముందు వరస, ఒంటరిగా పాడే చరణాలన్నీ నావే. పన్నెండేళ్ళకి అవి తీసేశారు. పధ్నాలుగేళ్ళకి వెనక వరస. ఎంత ప్రయత్నించినా కింది స్వరాల్లో నా గొంతు గాలిలా పోయేది. పదహారో ఏట ఒక రోజు హాల్లో అందరూ వెళ్ళాక అమ్మ నన్ను కూర్చోబెట్టి, నీకు గొంతు లేదు పాపా, చదువు మీద ధ్యాస పెట్టు అంది. ఆ రోజు నుంచి నేను స్నానాల గదిలో కూడా పాడలేదు. పెళ్ళయి ఈ ఊరు విడిచి వెళ్ళినా, పిల్లల్ని జోకొట్టి నిద్రపుచ్చాను కానీ జోల పాడలేదు.

"మరి నేను?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది. "నా సంగతి ఎవరూ అడగలేదా?"

"నేను అడిగాను తల్లీ. నాలుగో మెట్టు దించేటప్పుడే అడిగాను. పాప పాడలేకపోతోంది కదమ్మా అన్నాను."

"ఏమంది?"

పెద్దమేస్త్రి ఆ మాటల్ని ఎన్నాళ్ళ నుంచి మోస్తున్నాడో, అచ్చం అమ్మ అన్నట్టే అప్పజెప్పాడు.

"పాపకి పాడే చోట్లు ముందు ముందు బోలెడు దొరుకుతాయి మేస్త్రీ. ఆయనకి వినే చోటు ఇదొక్కటే అంది. అని ఇదిగో, ఇలాగే మూత మీద చెయ్యి పెట్టుకుని, నేను కొట్టు మూసేదాకా కూర్చుంది."

నాకు కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపపడకూడదంటారు, నాకు వచ్చింది. సభలో ఏం మాట్లాడాలో మూడు రోజులుగా కాగితం మీద రాసుకుంటున్నాను: అనుకూలవతి అయిన భార్య, ప్రేమమూర్తి అయిన తల్లి, వీధికంతటికీ పాట పంచిన గాయని. భార్య అన్న మాటకి వంక పెట్టలేను, ఏ భార్యా మొగుడి కోసం ఒక వీధి మొత్తం గొంతుని దించి ఉండదు. గాయని అన్నదీ నిజమే. మధ్యలో ఉన్న మాట దగ్గర నా కలం ఆగిపోయింది. నాకు చోట్లు దొరుకుతాయంది. గొంతు లేదని చెప్పి పంపిన పిల్లకి చోటు ఎక్కడ దొరుకుతుంది? నీ గొంతు వేరే, దీనికి సరిపడదు అన్నా చాలేది. పదహారేళ్ళ పిల్ల నోరు జారుతుందని భయపడి ఉంటుంది. అంతకు పదేళ్ళ ముందే కప్పుల ఆట సంగతి కడుపులో పెట్టుకుని దాచిన పిల్లని నమ్మలేకపోయింది. ఏడ్చాను. కోపంతో ఏడ్చాను, మళ్ళీ ఆ కోపం మీదే జాలేసి ఏడ్చాను.

పెద్దమేస్త్రి నేను తేరుకునేదాకా ఉండి, అసలు వచ్చిన పని చెప్పాడు. రీడ్లు మళ్ళీ జరపాలంటే ఆరేడు గంటల పని. తన చూపు ఆనదు కానీ వేళ్ళకి ఆ పెట్టె తెలుసు, కొడుకు పక్కనుంటాడు. మధ్యాహ్నానికల్లా మొదలుపెడితే పొద్దుగూకే వేళకి అవుతుంది. రేపు పొద్దున సభ.

"నేనైతే చెప్పను పాపా, ఎలా చెయ్యమనీ. పన్నెండు కొట్టేలోపు నువ్వు ఒక మాట చెప్పు."

జరిపిస్తే బృందం పాడుతుంది, నాన్న వింటాడు, నేను వాయించి ఊరుకుంటాను. జరిపించకపోతే మా అమ్మ సభలో, మా అమ్మ లేదన్న గొంతుతో, జీవితంలో ఒక్కసారి నేను పాడతాను. అందరూ వింటారు. మొదటి వరసలో నాన్న మాత్రం, ఇంకా మొదలుపెట్టలేదేం అనుకుంటూ కూర్చుంటాడు.

వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. నాకు ఏదైనా తోచనప్పుడు టీ పెట్టడం అమ్మ దగ్గర నుంచి వచ్చిన గుణమే. తెల్ల కప్పులో పోసి ముందుగదిలోకి తెచ్చి నాన్న చేతికిచ్చాను. ఆయన గోటితో తట్టాడు. రెండు చేతుల వేళ్ళూ కప్పు చుట్టూ పెట్టి ఒక్క క్షణం కదలకుండా ఉన్నాడు. ఇది వేలసార్లు చూశాను, అలవాటనుకున్నాను. ఇవాళ ఆ వేళ్ళు వింటున్నాయని తెలిసి చూశాను. ఇన్నేళ్ళూ నేను ఫోన్‌లో మాట్లాడితే సరేలే అని అమ్మకిచ్చేసేవాడు. ఎదురుగా మాట్లాడితే అమ్మ నా మాటనే తన గొంతుతో ఇంకోసారి చెప్పేది. ఆయనకి నా మీద పట్టింపు లేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. గొంతు బాగా కిందికి దించి, అమ్మ ఆయనతో మాట్లాడినట్టు, నెమ్మదిగా అడిగాను.

"చక్కెర సరిపోయిందా నాన్నా?"

ఆయన ఉలిక్కిపడి తలెత్తాడు. నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"సరిపోయింది" అన్నాడు. తర్వాత, "మీ అమ్మలా అడిగావు."

టీ సగం తాగి కప్పు ఒళ్ళో పెట్టుకున్నాడు. రేపు హాల్లో పాట ఉందటగా అన్నాడు. ఉందన్నాను. నిన్న వాళ్ళెవరూ పాట ఎత్తుకోలేదని, అమ్మ ఉంటే ఊరుకునేది కాదని అన్నాడు. నేను తలూపాను.

"నిన్న నువ్వు నోరు తెరిచావు. చూశాను" అన్నాడు. "చిన్నప్పుడు పాడేటప్పుడు మెడ అలాగే ఎత్తేదానివి. అచ్చం అలాగే."

నేను పీట ముందుకి జరుపుకున్నాను.

"ఎందుకు మానేశావమ్మా పాడటం? మీ అమ్మని ఎన్నిసార్లు అడిగానో. ఒక్కసారి కూడా చెప్పలేదు."

లోపలి గదిలో గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. తలుపు తీసిన చప్పుడైంది, "పాపా, పెట్టె విప్పమంటావా?" అన్నాడు పెద్దమేస్త్రి. ఆ గంటలూ, ఆ వణికే ముసలి గొంతూ నాన్నకి వినపడలేదు. కప్పు ఒళ్ళో పెట్టుకుని, జవాబు కోసం నా పెదాల వైపే చూస్తున్నాడు.